కుడి ప్యానెల్‌కు ఒకటే తలుపు

ఫిబ్రవరి 9, సోమవారం

రాయొద్దనే అనుకున్న. మేడ మీద కిరాయికుండే సంధ్య, గ్రూప్స్‌కు చదివే పిల్ల, కోచింగ్ సెంటరోళ్లు పంచిన డైరీ తెచ్చి "మీరే రాసుకోండి అంకుల్, నాకు పొద్దంత రాసుడే పని" అని ఇచ్చింది. ఇన్ని రోజులు దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకున్న. ఇవ్వాళ ఎందుకు తెరిచిన్నంటే, ఒక పని పట్టిన. పని పట్టినోడు నలుగురికి చెప్పాలె. నలుగురికి చెప్తే నవ్వుతరు. కాయితం నవ్వది.

సంగతేందంటే, నా మోటర్‌సైకిల్‌కు మాటిమాటికి ఫ్యూజు పోతది. ఫ్యూజంటే బొటనవేలి గోరంత బిళ్ళ. అది పోతే ఇంజను, లైటు, హారను అన్నీ బంద్. కొత్తది గుచ్చుడు చిటికెల పని. కానీ అది ఉండేది కుడి పక్క ప్లాస్టిక్ ప్యానెల్ వెనక! అక్కడికి పోవాలంటే ముందు సీటు ఇప్పాలె. తర్వాత ప్యానెల్ స్క్రూ. ఆ తర్వాత రబ్బర్లల్ల ఇరుకున్న మూడు ముక్కులు పీకాలె. నిన్న నారాయణగూడ చౌరస్తాల బండి ఆగితే చిక్కడపల్లి మెకానిక్ జగదీశ్వర్ వచ్చి పీకిండు. ఒక ముక్కు విరిగింది. "ఈ కాలం బండ్లు గట్లనే, కాకా" అన్నడు, నా తువ్వాలకు చేతులు తుడుచుకుంట.

నేను క్రాస్‌రోడ్స్ కాడ ఒక టాకీసుల ప్రొజెక్టర్ నడిపి రిటైరైన మనిషిని. ప్రొజెక్టర్‌కు పక్కన తలుపుండేది. లోపల కార్బన్ కడ్డీ అయిపోవస్తే తలుపు తీసుడు, మార్చుడు, మూసుడు. తెర మీద హీరోయిన్ ఏడుపు ఆగేది కాదు, కింద ఈల పడేది కాదు. ఒకసారి ఆ తలుపు మూయకుండ బీడీ తాగొచ్చిన ఆపరేటరు మీసం కాలిపోయింది. అది వేరే కథ. నేను చెప్పేదేందంటే, తలుపు లేని యంత్రం చేసినోడు దాన్ని ఎన్నడూ రిపేరు చెయ్యనోడు.

నిర్ణయం:
ప్యానెల్‌కు ఒక తలుపు. ఒకటే.
బిస్కెట్ ప్యాకెట్టంత. అంతకు మించి నూలు వాసి కొయ్య.
జగదీశ్వర్ గడప తొక్క.

సాయంత్రం. రాజకుమారికి చెప్పిన. నా భార్య ఇంట్లనే జాకెట్లు కుడుతది. మిషను ఆపలేదు.

"ఇరవై తారీకు మా తమ్ముడు రమాకాంత్ గృహప్రవేశం, గుర్తున్నదా?" అన్నది. "విద్యానగర్‌ల. తెల్లారకముందే ముహూర్తం. ఆ ఇంటి ఆడబిడ్డను నేనే, నేను పోతేనే పాలు పొంగిచ్చేది. ఆటో మాట్లాడుకుందాం."

"ఆటో ఎందుకు? బండి లేదా?"

అప్పుడు మిషను ఆపింది. "నేను ఎక్కినంక బండి నడిమిట్ల ఆగిందో, కవాడిగూడ పాత ఇనుపసామాన్ల ఆయన నంబరు నా ఫోన్ల ఉన్నది. ఆ రోజే తీస్కపోతడు. ఒప్పుకుంటరా?"

ఒప్పుకున్న! తలుపుంటది కద.

ఫిబ్రవరి 10, మంగళవారం

నారాయణగూడ హార్డ్‌వేర్ దుకాణం. ఆక్సా బ్లేడు, చిన్న మడతబందులు రెండు, అల్మారీ తలుపుకు పెట్టే అయస్కాంతం ఒకటి. దుకాణపాయన "అల్మారీకా సార్?" అన్నడు. "బండికి" అన్న. ఆయన ఇంకేం అడగలే. తెలివైనోళ్లు అడగరు.

అటునుంచి లైబ్రరీకి పోయిన. వాడకట్టంత పోటీ పరీక్షల పిల్లలే. కుర్చీ దొరుకుడు ఉద్యోగం దొరికినంత కష్టం. నిలబడే పేపరు చదివి, పాత పేపరు కట్ట ఒకటి అడుక్కొచ్చిన. నమూనా గీయాలె. ఏది చేసినా పద్ధతిగ చెయ్యాలె.

ఫిబ్రవరి 11, బుధవారం

పొద్దున ఎనిమిది. ప్యానెల్ ఇప్పిన. బండి పక్కకు పేపరు ఆనించి, ఫ్యూజు డబ్బా ఎక్కడున్నదో పెన్సిల్‌తోని గీసుకున్న. గీతలు పడకుండ ప్యానెల్‌ను చాప మీద బోర్లేసిన. దాని వీపు మీద పేపరు పరిచి, గుర్తులు దిద్ది, కోసిన. వెన్న లెక్క తెగింది!

పదకొండు. బందులు బిగించిన. అయస్కాంతం అతికిచ్చిన. "టక్" అని మూసుకున్నది. ఆ సప్పుడు విని ఎన్నేండ్లయింది! పదిసార్లు తీసి మూసిన.

పన్నెండు. ప్యానెల్ బండికి పెట్టిన. తలుపు తీసిన. లోపల వెనక చక్రం మడ్‌గార్డు కనబడ్డది.

ఒంటిగంట. ఇంకా మడ్‌గార్డే.

రాజకుమారి వచ్చి చూసింది, పేపరు చూసింది, చాప చూసింది. "బోర్లేసిన గుడ్డ మీద కాయితం తిప్పి పెట్టాలె. తిప్పకపోతే ఎడమ చెయ్యి కుడికొస్తది. నెల రోజులు నేర్చుకున్న పిల్లకన్న తెలుస్తది."

"ఇది జాకెట్టు కాదు."

"అవును. జాకెట్టైతే ఇప్పి మళ్ల కుట్టొచ్చు."

ఫిబ్రవరి 12, గురువారం

మొదటి తలుపు వృథా కాదు. మడ్‌గార్డు తుడుచుకోవటానికి పనికొస్తది. ఏ కంపెనీ ఇచ్చిందిది? కాబట్టి దాన్ని లెక్కల పట్టగూడదు. నిర్ణయంల రాసిన "ఒకటి" ఇవ్వాళ కోసేది.

రెండోది కోసిన. ఈసారి కాయితం తిప్పిన. ఫ్యూజు డబ్బా ఎదురుగ, పెండ్లికూతురు లెక్క!

చెయ్యి పట్టలేదు. బిస్కెట్ ప్యాకెట్టంత బొక్కల బిస్కెట్ ప్యాకెట్ పడుతది. చెయ్యికి ఐదు వేళ్లుంటయి, మణికట్టు ఉంటది. ఇది కొలతల తప్పు కాదు, పోలికల తప్పు. మొదటి బొక్క దిక్కు ఇంకింత పెద్దగ కోసిన.

మెట్ల మీద సంధ్య ఆగి చూసింది. "రెండున్నయేంది అంకుల్?"

"ఒకటి ప్రాక్టీసు."

"తప్పు జవాబుకు మార్కులు కోస్తరంకుల్. మూడోది జర చూసి పెట్టండి."

ఫిబ్రవరి 14, శనివారం

రెండు తలుపుల నడుమ వేలంత పట్టీ మిగిలింది కద, అది విరిగింది. నేనేం చెయ్యలే. తుమ్మిన.

ఇప్పుడు ఒకటే బొక్క. అంటే లెక్క మళ్ల ఒకటికే వచ్చింది. నిర్ణయం నిలబడ్డది! ఆకారం మాత్రం వినాయకుడి చెవి లెక్క ఉన్నది. పాత తలుపులు దానికి చాలవు.

సాయంత్రం. అశోక్‌నగర్ సందుల ఒక కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ చినిగి వేలాడుతున్నది. ముక్క తెచ్చి కత్తిరించి, పైన బందులకు బిగించి, కింద రాజకుమారి డబ్బాల నుంచి టిచ్చు బటన్లు తీసి కుట్టిన. పర్దా లెక్క లేస్తది, టప్పున అంటుకుంటది. ముక్క మీద ఎవరిదో నవ్వే మూతి, సగం ముక్కు, "విజయం మీదే" అన్న అక్షరాలు వచ్చినయి.

సంధ్య మెట్లు దిగుకుంట ఆగిపోయింది. "అంకుల్! మా పాలిటీ సార్ మీ బండికెందుకున్నడు?"

"ఫ్యూజుకు కాపలా."

"ఆయన క్లాసుకే సరిగ రాడంకుల్."

ఫిబ్రవరి 17, మంగళవారం

ఫ్యూజు పోతలేదు.

రోజుకు రెండుసార్లు రాంనగర్ దాక పోయొస్తున్న. గుంతలల్లకెల్లి కావాలని తోల్తున్న. హారను కొట్టి, బ్రేకు లైటు వెలిగిచ్చి, ఇండికేటర్ ఆపకుండ ఏస్తున్న. నా వెనక ఒకాయన "ఎటు తిరుగుతవయ్యా?" అని తిట్టిండు. అయినా పోతలేదు.

తలుపు పెట్టకముందు వారానికోసారి పోయేది. పాడుది, పగబట్టింది.

ఫిబ్రవరి 19, గురువారం

ఇవ్వాళ రమాకాంత్ పిలుపుకు వచ్చిండు. బావమరిది అంటే మామూలు బావమరిది కాదు, ఏది చూసినా "అవసరమా బావా?" అనే మనిషి. ఫ్లెక్సీ చూసిండు. "అవసరమా బావా?" అన్నడు.

చూపిచ్చిన. టిచ్చు బటను తీసుడు, పర్దా లేపుడు, ఫ్యూజు పీకుడు, గుచ్చుడు. "ఇంకోసారి" అన్నడు. ఇంకోసారి. ఆయన చాయ్ తాగేదాక పీకుడు గుచ్చుడు చేసిన. మొదట్ల గట్టిగ ఉండె, ఆఖరికి నెయ్యి పూసినట్టు జారవట్టింది. "మెత్తగ అయింది చూడు" అన్న సంబురంగ.

పోయేముందు చెప్పులేసుకుంట "అక్కా, ఆటో మాట్లాడనా?" అన్నడు.

"మీ బావను అడుగు" అన్నది రాజకుమారి.

వద్దన్న.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ముహూర్తానికి ఇంకా గంటుండగనే బయలెల్లినం. పట్టుచీర, ఒళ్లె కొత్త ఇత్తడి గిన్నె. రోడ్డు ఖాళీ. రాంనగర్ గుండు దాటినం. నా మనసు తేలిపోతున్నది.

ఆగింది.

లైటు లేదు, ఇంజను లేదు. నిజం రాస్తున్న, నాకు దుఃఖం రాలే. వారం నుంచి ఎదురుచూసిన ఘడియ! "రెండు నిమిషాలు కూసో, దిగకు కూడ" అని, టిచ్చు బటను తీసి పర్దా లేపిన. ఊడిన ఫ్యూజు అంచుకు వచ్చి నిలబడ్డది. వేలు పెట్టిన. అది నా వేలు తాకి, బొక్కలకెల్లి కింద పడి, రోడ్డు మీద గెంతి, మోరీ జాలీల పడ్డది.

ప్యానెల్ మొత్తం ఉన్నప్పుడు కింద ఒక అంచుండేది. పడ్డది అందుల ఆగేది. ఆ అంచును తుమ్ము రోజు నేనే చదును చేసిన, అందంగ ఉంటదని.

"ఇంకోటి లేదా?" అన్నది రాజకుమారి.

"ఉన్నది."

"ఏడున్నది?"

"ఇంట్ల. భద్రంగ."

గిన్నె నా చేతుల పెట్టి దిగింది. దూరంగ ఎక్కడా ఆటో సప్పుడు లేదు. తూర్పున మబ్బు తెల్లబడుతున్నది. నా వైపు చూడలే. నలబై ఏండ్ల కాపురంల తిట్టని రోజు ఇదొకటే, అదే భయమైంది. భుజం మీద చీరకు పెట్టుకున్న పిన్నీసు పీకి "గుచ్చండి" అన్నది.

"ఇది పెట్టగూడదు, ఫ్యూజుండేదే..."

"పాలు పొంగిచ్చినంక చెప్పండి."

గుచ్చిన. బండి లేచింది.

ముహూర్తం తప్పలేదు. రాజకుమారి ఒక చేత్తోని కొంగు పట్టుకొని, ఇంకో చేత్తోని పాలు పోసింది. పాలు తూర్పుకు పొంగినయి. అందరు "మంచిదైంది, మంచిదైంది" అన్నరు. నేను తలుపు దగ్గర నిలబడి, ఎవరన్న అడుగుతరేమో అని చూసిన. పిన్నీసు సంగతి ఎవరు అడగలే. రమాకాంత్ మాత్రం బయటికిపోయి బండి చూసొచ్చి, అక్కకు తన కారు తాళం చూపిచ్చిండు. దానికన్న "అవసరమా" అంటేనే బాగుండు.

తిరుగుప్రయాణం. ఆమె తమ్ముని కార్ల వచ్చింది. నేను ఒక్కన్నే. చిక్కడపల్లి దగ్గరకు రాంగనే తొడకు వేడి తగిలింది. చూస్తే పాలిటీ సార్ నవ్వే మూతిల నుంచి పొగ వస్తున్నది. పిన్నీసుకు కాలుడు తెల్వది కద, వైర్లే కాలినయి.

నూకుకుంట పోయిన. ఎక్కడికి? జగదీశ్వర్ గడపకు.

ఫిబ్రవరి 21, శనివారం

జగదీశ్వర్ ఫ్లెక్సీ లేపి లోపలికి చూసి, కూసున్నడు. చాన సేపు నవ్విండు.

"కాకా, హ్యాండిల్ కింద వైరు ఫ్రేముకు రాసుకొని తోలు పోయింది. అందుకే ఫ్యూజు కొట్టేస్తున్నది. వైరుకు ఇంత టేపు సుడితే అయిపోతుండె."

"మరి ఇన్నిసార్లు ఫ్యూజు మార్చినవు, ఎందుకు చెప్పలే?"

"మీరు అడిగింది ఫ్యూజు కద!"

తర్వాత ఇద్దరం చాయ్ తాగినం. వైరింగంత మార్చాలంట. గడప తొక్కిన సంగతి ఇక్కడ రాయకపోతే ఎవరికి తెలుస్తది? కానీ రాసిన.

ఫిబ్రవరి 23, సోమవారం

ఇంట్ల విచారణ.

"ఆగిందా, లేదా?" అన్నది రాజకుమారి.

"ఆగింది. మళ్ల లేచింది. లేచినదాన్ని ఆగిందనరు."

ఆమె కవాడిగూడకు ఫోను చేసింది. ఆయన బండి ఫొటో పంపమన్నడు. జగదీశ్వర్ దుకాణానికి నడిచిపోయి, కుడి పక్కనుంచే తీసి పంపింది. నాకు అన్నం సహించలే. ఆ బండి లేకపోతే పొద్దున లైబ్రరీ లేదు, నారాయణగూడ చాయ్ లేదు, ఊకెనే తిరుగుడు లేదు. కాళ్లున్నయి, కానీ కాళ్లకు హారను లేదు.

సాయంత్రం ఆమె మళ్ల చేసింది. ఎత్తలే. ఇంకోసారి చేసింది. ఎత్తలే.

"ఫొటో చూసినంక ఎత్తుతలేడు" అన్నది.

ప్యానెల్ కొయ్యకపోయుంటే ఈపాటికి బండి పోయేదే! తలుపు పనికిరాలేదని ఇగ ఎవరన్న అనమనండి.

ఫిబ్రవరి 26, గురువారం

బండి వచ్చింది. కొత్త వైర్లు. కుడి పక్కకు జగదీశ్వర్ ఎక్కడిదో పాత ప్యానెల్, వేరే రంగుది, తెచ్చి బిగించిండు. దాన్ని ముట్టనని ఒట్టు పెట్టిన. ఒట్టంటే ఒట్టే.

ఎడమ పక్క ప్యానెల్ మీద ఒట్టు లేదు. దాని వెనక గాలి ఫిల్టరున్నది. అది మార్చాలన్న సీటు ఇప్పాలె. ఆలోచించండి.

నిర్ణయం:
ఎడమ ప్యానెల్‌కు ఒక తలుపు. ఒకటే.
చెయ్యి కొలిచి కోసుడు.
కింద అంచు ముట్టొద్దు.
కాయితం తిప్పుడు.

సాయంత్రం రమాకాంత్ ఇంట్ల సత్యనారాయణ వ్రతం. ఐదింటికి తయారుండమన్న. రాజకుమారి తయారైంది. వాకిట్లకు ఆటో వచ్చింది. ఆమె ఎక్కి, పక్కకు జరిగి కూసున్నది.

నేను కూడ ఎక్కిన.