నాలుగంగుళాలు తక్కువైన వంటబల్ల

మా ఇంటి యజమానురాలికి,

నీ భర్త రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ చిన్నమ్మాయీ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, పెద్దమ్మాయీ, అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బాగానే ఉన్నాం అని చేయి అలవాటు కొద్దీ రాసేసింది గానీ, నా వరకు ఆ మాటలో కొంత అబద్ధం ఉంది. అది కాసేపాగి చెప్తాను. నీ ఉత్తరం అంది ఆరు రోజులైంది. ఇన్నాళ్లూ జవాబెందుకు రాయలేదో కూడా అప్పుడే చెప్తాను. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. నీ గొంతు వినపడితే నేను మాట మార్చేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

ముందు నువ్వడిగినవి. పెరటి తలుపు గడియ బిగించాను. మూడేళ్లుగా నువ్వడుగుతున్నదే. నువ్వు ఇంట్లో లేనప్పుడు బిగించాను కాబట్టి పెద్దగా మెచ్చుకోవద్దు. చిన్నదానికి పరీక్షలయ్యాయి, బాగా రాశానంటోంది. నువ్వు లేని లోటు తెలియకుండా నన్ను నీకంటే ఎక్కువగా సాధిస్తోంది. నువ్వు వండి పంపే భోజనం క్యారియర్లు పద్దెనిమిదిలో ఏడు మాత్రం నడుపుతున్నాం. మిగతావాళ్లు నువ్వొచ్చేదాకా ఎక్కడో ఓ చోట తింటామన్నారు. తపాలా ఆఫీసు గుమాస్తా రోజూ మూత తీసి చూస్తాడు, మళ్లీ మూత పెడతాడు, అమ్మగారు ఎప్పుడొస్తారండీ అని అడుగుతాడు. నా వంట గురించి వేరే ఏమీ అనడు. అనక్కర్లేదు కూడా.

అక్కడి ఆసుపత్రిలో నీ నడుం నొప్పికి వైద్యం చేస్తున్న ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన ఎనిమిది అలవాట్లూ దీనికి ముందు ఉత్తరంలో రాసి పంపి, రోజంతా చెక్కతో కుస్తీ పట్టే మనిషి, మీరూ పాటించండి అన్నావు కదా. చిన్నది ఆ కాగితాన్ని బియ్యం డబ్బా మీద అంటించింది. పొద్దున్నే గబుక్కున లేవకుండా పక్కకి ఒత్తిగిలి, చెయ్యి ఆనించుకుని లేవమన్నారు. ఒత్తిగిలడం వరకూ నాకు బాగా వచ్చింది. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోమన్నారు. ఉన్న రెండు దిండ్లలో ఒకటి చిన్నది లాక్కుపోయింది కాబట్టి తలకా, మోకాళ్లకా అన్నది రోజూ తేల్చుకోవాల్సి వస్తోంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తున్నాను. మా పాలిష్ మేస్త్రి, నేను లేచినప్పుడల్లా టీ వచ్చిందనుకుని తనూ లేస్తున్నాడు. బరువెత్తేటప్పుడు నడుం కాకుండా మోకాళ్లు వంచాలి, బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. నేను గ్యాస్ సిలిండర్ మీద చెయ్యి వేస్తే చాలు, ఏ గదిలో ఉన్నా చిన్నది మోకాళ్లు, మోకాళ్లు అని అరుస్తుంది. నిలబడి పని చేసేటప్పుడు ఒక్కో కాలూ మార్చి మార్చి పెట్టుకోవడానికి చిన్న పీట కూడా చేశాను. అది నీకు పనికొస్తుంది.

ఇవన్నీ చదువుతుంటే నాకొకటి అర్థమైంది. ఇందులో సగం నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్నవే, ఎవరూ చెప్పకుండానే. చెప్పకుండా అంటే తప్పవుతుంది, మా పెద్ద మేస్త్రి చెప్పాడు. పనిలో చేరిన మొదటి వారంలోనే ఆయన నన్ను నిటారుగా నిలబెట్టి, చేతులు వేలాడేయమని, మణికట్టు ఎక్కడికొచ్చిందో గోడ మీద గీత గీసి, చిత్రిక పట్టే బల్ల కాళ్లు సరిగ్గా ఆ ఎత్తుకి కోయించాడు. "బల్ల మనిషికి లొంగాలిరా, మనిషి బల్లకి లొంగకూడదు" అనేవాడు. ఆ పుణ్యాన యాభై దాటినా నా నడుం ఏనాడూ మాట్లాడలేదు. అది నా గొప్పే అనుకున్నాను. నువ్వు రాత్రిళ్లు నడుం పట్టుకుని గోడవారన కూర్చుంటే, నన్ను చూసి నేర్చుకో అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను.

నువ్వు వెళ్లిన పదో రోజున ఏడు క్యారియర్లకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. కత్తి పక్కన పెట్టి నిలబడదామనుకుంటే నడుం రాలేదు. అలా వంగినవాణ్ణి వంగినట్టే బల్ల అంచు పట్టుకుని ఉండిపోయాను. చిన్నది వచ్చి, ఏం పడిపోయింది నాన్నా, వెతుకుతున్నావా అంది. నేనే పడిపోయేలా ఉన్నానే అన్నాను. పాపం, భుజం కిందకి దూరి, నెమ్మదిగా నడిపించి మంచం మీద పక్కకి తిప్పి పడుకోబెట్టింది. రెండు రోజులు వేడినీళ్ల సంచీతో కాపడం పెట్టింది. బాగానే ఉన్నాం అన్నదాంట్లో అబద్ధం ఇదే. ఇప్పుడు తగ్గింది, కంగారుపడకు. తనదాకా వస్తే గానీ తెలియదంటారు, ఆ రెండు రోజులూ పైకప్పు చూస్తూ లెక్కలేసుకున్నాను. పది రోజులు, ఏడు క్యారియర్లకే నా గతి ఇదైతే, పదకొండేళ్లుగా పద్దెనిమిది క్యారియర్లు, అంతకుముందు ఇంకో పదకొండేళ్ల వంట, అదే బల్ల ముందు నిలబడి చేసిన నీ సంగతేమిటి?

మూడో రోజు చిన్నది మంచం పక్కన కూర్చుని అడిగింది. "నాన్నా, ఎవరింట్లో వంటబల్ల చేసినా వండే మనిషిని నిలబెట్టి మోచెయ్యి కొలుస్తావు కదా. మన బల్ల ఎవరి కొలత?"

మీ అమ్మదే అన్నాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, అది అడగనిదానికి కూడా జవాబు చెప్పాను, నిలబెట్టి కొలిచానే, నువ్వప్పటికి పుట్టలేదు అని. అది నా మొహం కేసి చూసి లేచి వెళ్లిపోయింది.

ఆ మర్నాడే నీ ఉత్తరం వచ్చింది.

ఆ అమ్మాయి తొమ్మిదోది కూడా చెప్పిందని రాశావు. పని చేసే బల్ల మోచేతికి కాస్త దిగువన ఉండాలి, వంగాల్సిన అవసరం రాకూడదు అని. దాని కింద నువ్వు రాసింది నాకు కంఠతా వచ్చేసింది. "ఇది మనకక్కర్లేదు. మీ వంటబల్ల పొట్టిదా అని ఆ అమ్మాయి మూడుసార్లు అడిగింది. మా ఆయన వడ్రంగమ్మా, నా కొలతకే చేసిపెట్టారు, తప్పు బల్లది కాదు నాదేనని చెప్పాను."

అది చదివాక నాకు తల కొట్టేసినట్టయింది. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వర్క్‌షాపుకి వెళ్లాను. ఆరు రోజులు జేబులోనే ఉంది.

దాని కిందే ఇంకోటి రాశావు. మీరన్నట్టు మావాళ్లందరివీ బలహీనపు నడుములే, నా ఒళ్లు ఇంతే, నెలాఖరుకి అందరికీ చెప్పేయండి, క్యారియర్లు మానేస్తాను అని. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పను. ఈ వీధిలో నా పేరు తెలియనివాళ్లు ఉన్నారు గానీ క్యారియరమ్మగారు తెలియనివాళ్లు లేరు. నన్ను కూడా క్యారియరమ్మగారి భర్త అనే పోల్చుకుంటారు. పద్దెనిమిది డబ్బాలూ వరసలో పెట్టి మూతలు బిగించాక నువ్వోసారి చేతులు తుడుచుకుంటూ వాటికేసి చూస్తావు చూడు, ఆ చూపు నాకెప్పుడూ ఏ కుర్చీ చేసినా రాలేదు. అలాంటి పనిని, నీది కాని తప్పు నెత్తినేసుకుని వదిలేయబోతున్నావు. అందుకే ఇక దాచను.

నేను నిన్నెప్పుడూ కొలవలేదు.

పెద్దది పాకుతున్న రోజులు. మందుల దుకాణానికి బల్ల చేస్తున్నాం. నా టేపు కొన విరిగిపోయింది. కొన విరిగితే నాలుగో అంగుళం గీతని కర్ర అంచున పెట్టి కొలుస్తాం, కోసేముందు ఆ నాలుగూ కలుపుకోవాలి. ఆ రోజు నేను ఎవరితోనో కబుర్లాడుతూ కలపడం మరిచాను. కాళ్లు నాలుగూ నాలుగేసి అంగుళాలు పొట్టిగా వచ్చాయి. పెద్ద మేస్త్రికి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని భయపడి, కర్రలో పగుళ్లొచ్చాయని చెప్పి ఇంకో నాలుగు కోశాను. పొట్టివి ఇంటికి తెచ్చాను. వాటి మీద చెక్క బిగించి వంటబల్ల అన్నాను. అప్పటిదాకా నేల మీద వండేదానివి. నువ్వు ఆ బల్లని చేత్తో నిమిరి, నా కోసం చేశారా అన్నావు. నీ కొలతకే చేశాను అన్నాను. అంత సంతోషంగా ఉన్న మనిషికి నిజమెలా చెప్తానని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఈ ఇరవై రెండేళ్లలో సర్దిచెప్పుకోవడం కూడా మానేశాను, అలవాటైపోయింది.

ఇంతవరకూ అయితే పొరపాటనొచ్చు. ఆ తర్వాతది పొరపాటు కాదు. నువ్వు ఓసారి నాలుగు కాళ్ల కిందా ఇటుకలు పెట్టావు, గుర్తుందా? నీ అంతట నువ్వే, ఏ ఫిజియోథెరపీ అమ్మాయీ చెప్పకుండానే, మందు కనిపెట్టావు. ఆ సాయంత్రం పాలిష్ మేస్త్రి ఇంటికొచ్చి, ఏం గురూగారూ, బల్ల ఇటుకలెక్కిందే అన్నాడు. ఆ ఇటుకలు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది కదా, ఎన్ని అంగుళాలు తక్కువో. అతని ఎదుటే నీ మీద ఎగిరాను. వడ్రంగి ఇంట్లో బల్లకి ఇటుకలేమిటి, నలుగురు చూస్తే నా పరువేం కావాలి అన్నాను. నేనే వాటిని లాగి పెరట్లో పడేశాను. వంగి వంట మొదలుపెట్టావు. మీవాళ్లందరివీ బలహీనపు నడుములు అన్నది ఆ రాత్రే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పొట్టి కాళ్లు కోసింది నేను, తప్పు మీ పుట్టింటివాళ్లది.

నీ నడుం మంచిది. మీ అమ్మదీ మంచిదే అయ్యుంటుంది. చెడ్డది నా నోరు. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను.

ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయితో, మా ఆయన వడ్రంగే గానీ బల్ల పొట్టిదేనట అని చెప్పు. ఆ పిల్ల మూడుసార్లు అడిగిందంటే ఊరికే అడగలేదు. ఈ ఉత్తరం పెద్దదానికి చూపించాలో వద్దో నీ ఇష్టం. చిన్నదానికి నేనే చెప్పాను. అమ్మకి రాశావా అని ఒక్క మాట అడిగింది. క్యారియర్లు మానేయాలనిపిస్తే మానేయి, అలసిపోయి ఉంటావు, నీ పని నీ ఇష్టం. నీ ఒళ్లు పనికిరానిదని మాత్రం మానకు.

నిన్న ఆ బల్ల విప్పేశాను. మంచి టేకు తెచ్చాను, పై చెక్క చిత్రిక పట్టడం అయిపోయింది. పొద్దున కాళ్లు కోద్దామని కూర్చున్నాను. రంపం అక్కడే ఉంది, టేపు అక్కడే ఉంది. ఎదురింటావిడది ముప్పై ఎనిమిది, పక్కవీధి టీచరమ్మది నలభై, ఎవరి మోచెయ్యి నేల నుంచి ఎన్ని అంగుళాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నీది తెలియలేదు. నువ్వు నా భుజం దాకా వస్తావా, చెవి దాకా వస్తావా అని ఆలోచించాను. నాకెప్పుడు గుర్తొచ్చినా నువ్వు వంగే కనిపిస్తున్నావు.

చెప్పుల్లేకుండా, గోడకి ఆనుకోకుండా నిలబడు. మోచెయ్యి మడిచి ఒంటికి ఆనించి పెట్టుకో. నేల నుంచి మోచెయ్యి దాకా పెద్దదాని చేత కొలిపించు. టేపు కొన సరిగా ఉందో లేదో చూసుకోమను. ఎంత తిట్టాలనిపిస్తే అంతా తిట్టి, ఆ అంకె కూడా రాయి. అది వచ్చేదాకా నేను కాళ్లు కోయను.

ఇట్లు,
నిన్నొక్కసారైనా నిటారుగా నిలబెట్టి చూడని
నీ భర్త