ఒత్తు లేని పాట

తిరుపతి,
ఉగాది వెళ్లిన సోమవారం.

పలమనేరులో ఉన్న శాంతయ్య బావకు, తిరుపతి మిద్దె మీద నుంచి మీ తమ్ముడి భార్య అక్కమ్మ ముందు దండం పెట్టి, ఆ తరవాత పోట్లాడుతున్నది.

మీకు చెవులు పోయాయి కాబట్టి ఫోను పనికిరాదు. మీ కూతురు నాగవేణిని మధ్యలో నిలబెడితే నా మాటలో కారమంతా తీసేసి మీకు అందిస్తుంది. అందుకని ఈ ఉత్తరం. నాకు చదువు రాదని మీకు తెలుసు. కాలు విరిగినప్పటి నుంచి పగలంతా నన్ను చూసుకునే నిస్సీ రాస్తున్నది. నా మాటల్ని బడి తెలుగులోకి దిద్దుకుంటోంది, దిద్దుకోనీ. ఎవరెవరు ఏమన్నారో మాత్రం అన్నది అన్నట్టే రాయమన్నాను. సాక్ష్యం కదా.

కాల్లో కమ్మీ వేసిన నాటి నుంచి నాకు ఈ రెండో అంతస్తే ఊరు. మెట్లు దిగలేను. కిటికీలోంచి చూస్తే లాడ్జీ వెనక గోడ, దాని మీద ఆరేసిన దుప్పట్లు. ఎవరో పడుకొని లేచి కొండకు పోయిన దుప్పట్లు చూస్తూ పొద్దు పుచ్చుతున్నాను. వినడానికి రైల్వే స్టేషన్‌లో రైళ్ల వేళలు చెప్పే ఆడమనిషి గొంతు ఒకటి. ఆమె ఒక్కో అంకె విడిగా చెప్పి పోయిందని, వీళ్లు వాటిని అతికించుకుంటున్నారని నాకు విన్న కొద్దిసేపటికే తెలిసిపోయింది. అతుకు వినబడుతుంది. మేళగాడి ఇంట్లో ముసలిదాన్నయ్యాను, నా చెవిని ఎవరు మోసం చేస్తారు? మీ తమ్ముడు పోయిన ఏటిసూతకం కాబట్టి పెళ్లికి ఎవరూ పిలవరు, గుడికి పొమ్మనరు. ఒకవైపు కాలు కట్టేసింది, ఇంకోవైపు సూతకం కట్టేసింది.

నిస్సీ వాళ్ల చర్చికి పాటలు కడుతుంది. కంప్యూటర్ ఒళ్లో పెట్టుకొని, హార్మోనియం మెట్లలాంటి చిన్న పలక నొక్కితే వయొలిన్లు, బాకాలు, పిల్లనగ్రోవులు అన్నీ మోగుతాయి. దొరల మేళం మొత్తం ఆ డబ్బాలో ఉంటుంది. ఇలాంటి మేళాలు చాలామంది అమ్ముతారట, కొనకముందు కొన్నాళ్లు ఊరికే వాడి చూడనిస్తారట. ఏది కొనాలో తేలక ఆ పిల్ల నా పక్కనే కూర్చొని, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకొని వింటూ ఉండేది. ఒకరోజు అడిగాను.

"ఏం మే, నాకు గూడా పెట్టు."

"నీకెందుకవ్వా?"

"నేను సచ్చినాక పెడతావా?"

పెట్టింది. మొదటిదాంట్లో నూరుమంది వయొలిన్లవాళ్లు. పెళ్లివారంతా ఒకేసారి గుమ్మంలో పడ్డట్టుంది, వద్దన్నాను. రెండోది కల్యాణమండపంలో మోగుతుంటే పక్కవీధి మిద్దె మీద నుంచి విన్నట్టుంది. మూడోది బాగా కడిగిన గిన్నెలా శుభ్రంగా ఉంది. ఎంతసేపు నొక్కితే అంతసేపూ మోగుతుంది. కాసేపటికి దాని అతుకూ దొరికింది. ఒకే ఊపిరిని తిప్పి తిప్పి అరగదీస్తున్నారు. నాలుగోదాంట్లో మన ముఖవీణలాంటి, ఊదే సన్నగొట్టం ఒకటి ఉంది. నొక్కగానే, స్వరం కంటే ముందు, ఎవరో ఊపిరి తీసుకున్నారు. వేలు తీయకుండా పట్టుకునే ఉన్నాను. ఆ స్వరం మెల్లగా సన్నబడి ఆగిపోయింది.

"ఇది ఆగిపోతాదవ్వా. మూడోదైతే నొక్కినంతసేపూ ఉంటాది. అదే మేలు" అంది నిస్సీ.

"ఊదేవోడికి ఊపిరి అయిపోదా మే? ఆగక సస్తాడా! ఇదే తీసుకో."

బావా, ఇప్పుడు లోపలి మాట చెబుతాను. నాకు పాటలు పుడతాయి. పిండి రుబ్బుతుంటే పుట్టేవి, బిడ్డకు నీళ్లు పోస్తుంటే పుట్టేవి. మన ఇళ్లలో ఆడది సన్నాయి ముట్టకూడదు, ఎవరికి చెప్పను? పెళ్లయిన కొత్తలో ఒకటి మీ తమ్ముడికి పాడి వినిపించాను. కళ్లు మూసుకొని విన్నాడు. "బాగుండాది మే. కానీ నేనేం జేసేది? నా దానికి ఒకే సరం గదా" అన్నాడు. ఆయనది ఒత్తు సన్నాయి. దాని బెజ్జాలకు మైనం పెట్టి మూసింది మీరే. బంగారుపాళ్యం మామిడితోటల పెళ్లిళ్లలో మీరు ముందు నిలబడి రాగాలు ఊదుతుంటే, ఆయన మీ వెనక బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో ఊపిరి లాగుతూ, ఆ ఒక్క స్వరాన్ని తెగకుండా పట్టుకొని నిలబడ్డాడు. బతుకంతా అంతే. మీ పాటకు ఆయన గోడ. జనం పాటకు చప్పట్లు కొడతారు, గోడకు ఎవరు కొడతారు? ఒక్క పెళ్లిలో, ఒక్క ఊరేగింపులో పెద్ద సన్నాయి ఆయన చేతికి ఇచ్చారా? చివరికి ఆసుపత్రి మంచం మీద ఆ ఊపిరే ఆయనకు చాలలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరి దగ్గరా అనలేదు.

అప్పుడు, ఆ మంచం పక్కన కూర్చున్నప్పుడు పుట్టిన పాట ఒకటి నా లోపల ఉండిపోయింది. అది బయటికి రావాలి. నేను గొంతుతో చెబుతాను, నిస్సీ మెట్ల మీద పట్టుకుంటుంది. రెండు మెట్ల మధ్య జారాల్సిన చోట పక్కన ఉన్న చక్రం తిప్పుతుంది. ఎక్కువ తిప్పితే తిడతాను. ఒక్కటి మాత్రం మొదటే చెప్పాను, నా పాటలో ఒత్తు వద్దని. నా పాటలో ఎవడూ ఒకే స్వరం పట్టుకొని నిలబడకూడదు.

సగం కట్టాం. ఇంతలో నా కొడుకు మునిశేఖర్ మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. చెవులు మూసి ఉన్నాయి కదా, గొంతెత్తి పాడుతున్నానని నాకే తెలియలేదు.

"సూతకం ఇంట్లో ఏందమ్మా ఈ పాట? కిందింటోళ్లు మెట్లెక్కి వచ్చి సూస్తాండారు!"

"టిక్కెట్టు పెట్టు" అన్నాను.

వాడికి నవ్వు రాలేదు. పలమనేరుకు ఫోను చేశాడు. మీ మాటగా నాగవేణి చెప్పింది, ఏడాది దినం దాకా ఆ ఇంట్లో వాద్యం మోగకూడదని. వాడు నిస్సీ వైపు తిరిగి, "రేపట్నించి ఆ డబ్బా తెచ్చేదుంటే నువ్వూ రావాకు" అన్నాడు. ఆ పిల్ల డబ్బాను ఇంట్లో పెట్టి వస్తున్నది. ఇప్పుడు నాకు మిగిలింది దుప్పట్లు, రైళ్లు చెప్పే ఆ గొంతు.

నా వాదం ఇది. ఆ శబ్దం నా రెండు చెవుల్లో తప్ప ఈ ఇంట్లో ఎక్కడా పడదు. గోడ వినలేదు, దీపం వినలేదు, మీ తమ్ముడి పటం వినలేదు. కావాలంటే నేను నోరు కట్టుకుంటాను. మేళానికి పెద్ద మీరు, తీర్పు మార్చండి. నాగవేణితో చెప్పించవద్దు. మీ చేత్తో రాయండి.

కోపంతో, అయినా మర్యాద తప్పకుండా,
మీ మరదలు అక్కమ్మ (వేలిముద్ర)


తిరుపతి,
శ్రీరామనవమి మరునాడు.

శాంతయ్య బావకు, గెలిచి కూడా కోపం తీరని అక్కమ్మ దండాలు.

మీ జాబు అందింది. "ఊదేవాడు లేనిది వాద్యం కాదు, ఉత్త డబ్బా. డబ్బాకు సూతకమేంది? ఆడుకోనీండి" అని రాశారు. అది చూసి మునిశేఖర్ తనే ఫోను చేసి నిస్సీని డబ్బా తెమ్మన్నాడు. ఆ పిల్ల సంబరంగా తెచ్చి నా చెవులకు పెట్టబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఉండు మే. దీంట్లో ఊదేవోడు లేడంట. మరి ఆ పొద్దు ఊపిరి తీసుకునిందెవురు?"

"మనిషే అవ్వా. యాడో పైదేశంలో ఒగాయప్పను గదిలో కూసోబెట్టి, తలుపులేసి, ఒక్కో సరం ఊదిపించుకుంటారు. మెల్లిగా ఒగసారి, గట్టిగా ఒగసారి. మళ్లా ఇంకో సరం."

"పాట?"

"పాట ఊదేది లేదవ్వా. ఉత్త సరాలే. పాట మనం కూర్చుకోవల్ల."

బావా, తలుపులు వేసిన గదిలో ఒక మనిషి ఒక్క స్వరం పట్టుకొని కూర్చున్నాడు. దాని మీద ఎవరు ఏ పాట కడతారో అతనికి తెలియదు. ఆ మేళంలో ఉన్న నూరుమందీ అలాంటివాళ్లే. అందరూ ఒత్తు పట్టినవాళ్లే, అందరూ మీ తమ్ముళ్లే. ఊదేవాడు లేడని ఎలా రాశారు?

మీ తీర్పు తప్పు. అది వాద్యమే. వాద్యమైతే మీ మొదటి మాటే ఒప్పు. ఏడాది దినం దాకా ఈ ఇంట్లో అది మోగకూడదు, నా చెవుల్లో కూడా మోగకూడదు. డబ్బా మూత నేనే మూశాను.

"పెదనాయనే ఒప్పుకున్యాడు గదమ్మా, ఇంకేంది నీకు?" అని మునిశేఖర్ నెత్తి పట్టుకున్నాడు.

"మీ పెదనాయన ఒప్పుకున్యాడు. నేను ఒప్పుకోలా" అన్నాను.

నిస్సీని ఆ నాలుగోదే కొనుక్కోమన్నాను. అంతవరకూ వాళ్ల ఇంట్లో వాళ్ల చర్చి పాటలు కట్టుకుంటుంది. నేను లాడ్జీ దుప్పట్లు చూస్తూ ఉంటాను. మామిడిపళ్లు వచ్చి పోవాలి, వానలు రావాలి, ఆయన పోయిన కార్తీకం మళ్లీ రావాలి. గది అదే, కిటికీ అదే. ఈసారి గడియ వేసుకున్నది మాత్రం నేను.

ఇక మీ జాబు చివర ఉన్న మాట. "చెవులు పోయినాక నేను ఊదిన పాటల్లో ఒక్కటీ నాకు మిగల్లేదు అక్కమ్మా. చెవిలో హోరు ఒక్కటే మిగిలింది. అది వాడి ఒత్తే. పగలూ రేయీ తెగదు. పెద్ద సన్నాయి వాడికి ఇయ్యలేదు, నిజమే. వాడు ముందుకు వస్తే నా వెనక ఎవరుంటారని భయం." నిస్సీ దీన్ని ఒకసారి చదివింది. మళ్లీ చదవమన్నాను. చదివింది. మూడోసారి అడగకుండా ఆ కాగితం తీసుకొని నా ఒళ్లో పెట్టుకున్నాను.

ఏడాది దినం దాటిన మరునాడు మీరు రండి. ఆ పాట పూర్తిచేసి మోగిస్తాను, చెవుల్లో కాదు, ఇల్లంతా వినేలా. మీకు వినబడదు, తెలుసు. అయినా వచ్చి నా ఎదురుగా కూర్చోండి. ఆ పాటలో ఒత్తు లేదు. అప్పుడు కోపంతో వద్దన్నాను, ఇప్పుడు ఆ చోటు మీ కోసం ఖాళీగా ఉంచాను. మీ చెవిలో ఉన్నదాన్ని పట్టుకొని కూర్చోండి, తెగనివ్వకండి. ఇన్నాళ్లూ ఆయన పట్టాడు. ఈసారి వంతు మీది.

మీ రాక కోసం కిటికీ దగ్గరే కూర్చొని,
మీ మరదలు అక్కమ్మ (వేలిముద్ర)