సగం జీతానికి ఒప్పుకున్న శ్రీశైలం

భూపాలపల్లి

సంజీవన్నకు నమస్కారం.

మన కబడ్డీ జట్టులో సగం మంది వయసు మళ్లినవాళ్లే. జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి వాళ్లతోనే నిండిపోతోంది. అందుకే వాళ్లలో ఎక్కువ జీతం తీసుకునే శ్రీశైలాన్ని వదులుకుని కుర్రవాళ్లను తీసుకుందామన్నాను. జట్టు యజమానిగా మీరు వద్దన్నారు. మర్నాడే అతను సగం జీతానికి ఒప్పుకున్నాడు.

నాకు అనుమానం వచ్చింది. బస్సు చార్జీల కోసం కూడా పోట్లాడే మనిషి ఒక్క మాటా అనలేదు. మన ప్రత్యర్థి ఘనపూర్ జట్టుకు అమ్ముడుపోయాడేమోనని, ప్రాక్టీసులో అతను కూతకు వెళ్లిన ప్రతిసారీ కళ్లు తిప్పకుండా గమనించాను.

నిన్న రేగొండలో మీ పెట్రోల్ బంకు దగ్గర ఆగాను. కౌంటర్లో శ్రీశైలం భార్య స్వరూప కూర్చుని ఉంది.

"ఎప్పుడు చేరినవమ్మా?" అన్నాను.

"గీ నెలనే అన్నా. ఆయనకు తగ్గిన జీతం నాకు గిక్కడ ఇస్తున్నరు. గిట్ల చేద్దామని మీరే చెప్పిన్రంట గదా. సంజీవన్న చెప్పిండు."

నేనెప్పుడు చెప్పానన్నా?

పరిమితికి బయట ఏ ఆటగాడి ఇంటికీ డబ్బు ఇవ్వడం లేదని లీగ్‌కు సంతకం పెట్టి ఇవ్వాల్సింది నేను. బయటపడితే నిషేధం నా మీదే. అందుకే నా పేరు వాడారా?

ఆ సంతకం పెట్టను. సోమవారంలోగా మీరు లీగ్‌కు నిజం చెప్పకపోతే నేనే చెప్తాను. నన్ను తీసేయాలనుకుంటే తీసేయండి. ఆ కోపంతో స్వరూప పని మాత్రం పోగొట్టకండి. ఇది లీగ్ నియమాలకు విరుద్ధమని ఆమెకు తెలియదు.

ఇట్లు,
ఇప్పటికి మీ జట్టు మేనేజర్