నీ కత్తెర గాట్లు

ఏమే సుగుణా,

నీ ఎర్రగులాబీ సంగతి చెప్పాలి. నువ్వున్నప్పుడు వాకిట్లో తొట్టి నిండా మోకాలెత్తున గుబురుగా ఉండేది. ఈ ఏడాదిలో నా భుజం దాకా లేచింది. పువ్వు మాత్రం లేదు. మిరపచేలో చల్లగా మిగిలిన యూరియా దీనికీ వేశా మరి. నువ్వుంటే, "ఇదేమన్నా మిరపచేనా, గుప్పిళ్లతో చల్లటానికి?" అని తిట్టేదానివి.

నీ సంవత్సరీకం నాడు పక్కింటి రాజమ్మత్త చూసి, "కొమ్మలు కత్తిరించకపోతే ఎట్టా పూసుద్ది అబ్బాయ్? కత్తెర పట్టటానికి నీకేం రోగం?" అంది. నిరుడు కార్తీకంలో, పోయే ముందు నువ్వు కత్తిరించిన గాట్లు ఆ కొమ్మల మీద ఇంకా ఉన్నాయి. కిందికి కోస్తే అవీ పోతాయని ఆమెకెట్టా చెప్పేది?

ఆ సాయంత్రమే కోశా. నీ గాట్లున్న ముక్కల్ని మాత్రం పారెయ్యలేక, పాత బకెట్లో మట్టి పోసి గుచ్చా. చానా మటుకు ఎండిపోయినై. ఇయ్యాల పొద్దున నీళ్లు పోస్తుంటే ఒకదానికి ఎర్రటి చిగురు కనపడింది. సరిగ్గా నీ గాటు కిందే వచ్చిందే.

దీనికి యూరియా వెయ్యన్లే.