సముద్రం కన్నా కింద ఉన్న పొలం

లావణ్య బాపూ,

నిన్న మన లావణ్య నువ్వు చెప్పిన చోటికి వెళ్లింది. కంపెనీ పని మీద హాలండ్ పోయి, సెలవు రోజున అక్కడి పల్లెల్లో తిరిగింది. నువ్వు మగ్గాల కార్ఖానాలో గోడ క్యాలెండర్ మీద చూసి మురిసిన పల్లెలే, సముద్రాన్ని వెనక్కి నెట్టి పొలాలు చేసుకున్నవి. "పోతే కట్ట మీద సైకిల్ తొక్కాలె, గాలిమర ఎక్కాలె, రైతు ఇంట్ల చీజ్ తినాలె" అనేవాడివి. మూడూ చేసింది.

అక్కడి నుంచే నాకు వీడియో కాల్‌లో చూపించింది. "అమ్మా, జర చూడు. నీళ్లు మీద ఉన్నయి, ఆవులు కింద మేస్తున్నయి." కట్టకు ఒక పక్క నిండు కాలువ, రెండో పక్క బాగా దిగువన పచ్చిక. అది నవ్వుకుంటూ ఆ పచ్చికలోకి దిగింది.

"పైకి రా బిడ్డా! జల్ది రా!" అని అరిచాను.

"ఏందమ్మా, గిట్ల ఒర్లుతవ్? ఈ కట్టను దినాం చూసుకునేటోళ్లున్నరు" అంటూనే పైకి వచ్చింది.

తాపీ నది పొంగి వరద మన గల్లీలోకి వచ్చిన రోజు లావణ్యకు రెండేళ్లు. మేడ మీద నా ఒళ్లో ఆకలికి ఏడుస్తోంది. నువ్వు ఎవరినో కాపాడబోయి కొట్టుకుపోయావని అందరూ దానికి చెప్పారు. నేనూ కాదనలేదు. పాలపొడి డబ్బా కింది గదిలోనే ఉండిపోయిందని, తెమ్మని నిన్ను పంపింది నేను.

నిన్న చెబుదామనుకున్నాను. అది చలికి ముక్కు తుడుచుకుంటూ, "బాపు ఉంటే ఎంత ఖుష్ అయ్యెటోడో" అంది.

"అవును బిడ్డా" అని ఫోన్ పెట్టేశాను.