లీమాలో భూమి కదిలిన సోమవారం

లీమా నగరం,
1966 అక్టోబరు 27.

పూజ్యురాలైన అక్క మాలకొండమ్మకు తమ్ముడు బ్రహ్మం నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమిద్దరం ప్రాణాలతో ఉన్నాం. అక్కడ నువ్వు, పిల్లలు, మీ అత్త సుబ్బులమ్మ అందరూ బాగున్నారని తలుస్తాను. ఎప్పుడూ క్షేమం అని రాసేవాడు ఈసారి ప్రాణాలతో అని రాసినాడేందని గాబరా పడొద్దు. బావకు ఎడమ కాలు విరిగింది. ఆసుపత్రిలో పిండికట్టు వేసినారు. ఆరు వారాలకు నడుస్తాడని డాక్టరు చెప్పినాడు. ముందే ఈ మాట రాస్తున్నాను, మిగతాదంతా నువ్వు నిమ్మళంగా వినాలని.

సుశీలమ్మ టీచరమ్మా, ఎప్పట్లాగే మీరే ఇది చదివి వినిపిస్తారని తెలుసు. దయచేసి వసారాలో పదిమందిలో చదవొద్దు. అక్కను లోపలికి పిలిచి చదవండి.

నీ ఉత్తరం పోయిన నెల చివర్లో అందింది అక్కా. నువ్వు అడిగినవాటికి జవాబు రాస్తా. తిండికి కరువు లేదు. వీళ్లూ అన్నం వండుతారు. ఉర్లగడ్డ దుంపలు నల్లవి, ఎర్రవి, పసుపువి ఎన్ని రకాలో! పచ్చి మిరపకాయ కూడా ఉంది, మన కారానికి ఏమీ తీసిపోదు. బావకు దగ్గు తగ్గింది. నువ్వు పంపిన ఉన్ని కోటు ఇప్పటిదాకా ఒంటి మీదనే ఉంది.

ఇక్కడ వాన పడదన్న మాట నిజమేనా అని అడిగినావు. నిజమే. ఆకాశం మాత్రం నెలల తరబడి బూడిద రంగులో నెత్తి మీదనే ఉంటది. సూర్యుడు కనపడడు. గాలిలో తేమ ముఖానికి అంటుకుంటది, బట్టలు ఆరవు, కానీ ఒక్క చినుకు గట్టిగా పడదు. మబ్బు వచ్చి వాన రాకపోవడం మన మార్కాపురం వాళ్లకు కొత్త కాదు. అయితే మన దగ్గర ఎండైనా ఉంటది. వచ్చిన రోజు నుంచి ఈ వెలుతురు లేని పగళ్లు చూస్తే నాకు ఎందుకో దిగులు.

ఇంత దూరం ఎందుకు పోయినారని మీ అత్త మళ్లీ అడిగిందని రాసినావు. మన క్వారీ రాతి పలకలు కొనుక్కున్న ఇక్కడి వ్యాపారి, తమ కొండ రాయి కూడా అట్ల పొరలుగా చీలుతుందేమో చూసి చెప్పమని మన యజమానికి రాసినాడు. రాయి సంగతి మేస్త్రి నాగులు బావకు తెలుసు, ఇంగ్లీషు ఆయన బామ్మర్దికి తెలుసు అని ఇద్దరినీ విమానం ఎక్కించినారు. అంతే అని చెప్పు.

అక్కా, వచ్చినప్పటి నుంచి నాకు భయమే. నీకు రాయలేదు గాని, వచ్చిన మూడో రోజే మా గది తలుపు తనంతట తాను గడగడ కొట్టుకుంది. మంచం జరిగింది. నేను అరుస్తూ వీధిలోకి ఉరికినా. కిందింటామె కాఫీ కాస్తూ నన్ను చూసి నవ్వింది. ఇక్కడ భూమి అట్ల కదలడం మామూలంట. బావ కూడా నవ్వినాడు. 'రాయి లోపల సర్దుకుంటదిరా. మన క్వారీలో వినలేదా?' అన్నాడు.

వ్యాపారి దగ్గర పనిచేసే రామోన్ అనే ఆయన మమ్మల్ని సెలవు రోజుల్లో ఊరు చూపించేవాడు. చెక్క బాల్కనీల ఇండ్లు, పెద్ద చర్చి, రాజుల నాటి చౌకు అన్నీ చూసినాం. పోయిన ఉత్తరంలో రాసినట్టు, ఒక మ్యూజియంలో వెయ్యేండ్ల కింద చచ్చిన మనుషులను చూసినాం. మోకాళ్లు గుండెకు కరుచుకొని కూర్చోబెట్టి, బట్టలో చుట్టినారు. జుట్టు అట్లనే ఉంది. ఒక పుర్రెకు నెత్తిన గుండ్రంగా చిల్లు. ఆ కాలం వైద్యులు బతికుండగానే కోసినారంట, ఎముక మళ్లీ మూసుకుందంట. నేను ముఖం తిప్పుకున్నా. బావ మాత్రం అద్దానికి ముక్కు ఆనించి చూసి, 'ఎంత నున్నగా తీసినార్రా! ఒక్క చోట బీట పడలేదు' అన్నాడు.

ఆ సంగతి విన్నాకనే గదా నువ్వు రాసినావు, 'చచ్చినోళ్లను చూడ్డానికి పోవద్దు. మీ బావకు కంట్లో రాతి పెళ్ల పడినప్పటి నుంచి చీకట్లో చూపు ఆనదు. నువ్వు చెయ్యి పట్టుకొనే తిప్పు' అని. ఆ ఉత్తరం నా జేబులోనే పెట్టుకొని పోయినా అక్కా, ఆ సోమవారం.

ఈ నెలలో వీళ్లకు పెద్ద పండుగ. వాళ్ల దేవుడి పటాన్ని ఊరేగిస్తారు. పాతకాలంలో ఊరంతా భూకంపానికి కూలినా, ఆ బొమ్మ గీసిన మట్టిగోడ ఒక్కటి నిలబడిందంట. అందుకని నెలంతా ఆడవాళ్లు ఊదారంగు బట్టలు కడతారు. తెల్లారితే ఊరేగింపు అని, ఆ సోమవారం పని తొందరగా ఆపినారు. రామోన్ మమ్మల్ని ఒక పాత సన్యాసుల మఠానికి పిలుచుకపోయినాడు. దాని కింద నేలమాళిగలు ఉన్నాయి. ఊరి శవాలను ఒకప్పుడు అక్కడ వేసేవాళ్లంట. నేను రానన్నా. బావ, ఆ ఇటుక కమానులు చూడాలన్నాడు.

దిగినాం. తల వంచి నడిచే దారులు. అటూ ఇటూ తొట్లలో తొడ ఎముకలు, కట్టెలు పేర్చినట్టు. ఒక బావిలో పుర్రెలను చుట్లు చుట్లుగా అమర్చినారు. అక్కడక్కడా చిన్న బల్బు. బావ నా మణికట్టు పట్టుకున్నాడు. ముందు రామోన్, వెనక ఊదా బట్టల్లో కొంతమంది.

అప్పుడు వచ్చింది. ముందు చప్పుడు. రాళ్ల లారీలు వంద మా నెత్తి మీద పోయినట్టు. తర్వాత నేల పక్కకు జరిగింది. బల్బులు ఆరిపోయినాయి. ఎముకలు ఒకదానికొకటి కొట్టుకొని గలగలమన్నాయి అక్కా, ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇటుక పొడి నోట్లో పడింది. 'బ్రహ్మం, ఉరకొద్దు. ఈ కమాను గట్టిది. దీని కింద నిలబడు' అని బావ అరిచినాడు.

నేను పైకి ఎట్ల వచ్చినానో తెలియదు. నిమిషం కూడా కాలేదంట అంతా. బయట రోడ్డు మీద జనం మోకాళ్ల మీద కూలబడి గుండెలు బాదుకుంటున్నారు, ఎక్కడ చూసినా ఊదా రంగే. గోడలు పడినాయి. మా వెనక మెట్ల మీద ఇటుకలు కూలి దారి మూసుకపోయింది.

రామోన్ నా భుజాలు పట్టుకొని 'మీ బావ ఏడి?' అన్నాడు. 'చెయ్యి జారిపోయింది' అన్నా.

రామోన్, మఠం వాళ్లు ఇటుకలు తీసినారు. గంటకు పైగా పట్టింది. నేను వాకిట్లో కూర్చున్నా. చివరికి బావను మోసుకొచ్చినారు, కాలు వేలాడుతా ఉంది. ఆయన చెయ్యి పట్టుకొని ఒక ముసలామె వచ్చింది, ఊదా బట్టల నిండా దుమ్ము. చీకట్లో ఆమె ఏడుపు విని బావ దగ్గరికి లాక్కున్నాడంట. గోడను వేలి కణుపుతో కొట్టి చూసుకుంటా, గుల్ల చప్పుడు వచ్చిన చోటు దాటించి, గట్టిగా పలికిన చోట నిలబెట్టినాడంట. దాటేటప్పుడే కాలి మీద ఇటుకలు పడినాయి. ఆయన భాష ఆమెకు రాదు, ఆమె భాష ఈయనకు రాదు.

రేడియోలో విని హడలిపోతావని మర్నాడే తంతి ఇచ్చినా, ఇద్దరం క్షేమం అని. అబద్ధం కాదు గాని సగమే. మిగతా సగం ఇప్పుడు రాస్తా. టీచరమ్మా, ఇది మెల్లిగా చదవండి.

అక్కా, చెయ్యి జారిపోలేదు. బావ ఎంత గట్టిగా పట్టుకుంటాడో నీకు తెలుసు, ముప్పై ఏండ్లు సుత్తె పట్టిన చెయ్యి. నేనే విడిపించుకున్నా. ఆయన నిలబడమంటా ఉంటే, రెండో చేత్తో ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడదీసినా. చూపు ఆనని మనిషిని ఆ చీకట్లో, ఆ ఎముకల మధ్యన వదిలి ఉరికినా. ఎవరినో నెట్టినా కూడా. మెత్తగా తగిలింది. ఆ ముసలామేనేమో అడిగే ధైర్యం నాకు లేదు.

ఆమె రోజూ ఆసుపత్రికి గిన్నెలో సూపు తెస్తుంది. బావ చెయ్యి ముద్దు పెట్టుకుంటుంది. మొన్న, నేను ఆయన బామ్మర్దినని రామోన్ చెప్తే, నా చెయ్యి కూడా తీసుకొని ముద్దు పెట్టుకుంది. బావ వేళ్లు విడదీసిన అదే చెయ్యి. నేను చెయ్యి వెనక్కి లాక్కొని వరండాలోకి పోయినా.

తిరిగి వచ్చి బావకు చెప్పినా. 'బావా, ఆ రోజు నేను...' అన్నా. బావ మాట పూర్తి కానీయలేదు.

'తెలుసులే. వేలు వేలు విడదీస్తివి గదా, తెలియకుండా ఎట్ల ఉంటది?' అన్నాడు.

'మరి ఇన్ని రోజులు ఒక్క మాట అనలేదేంది?'

బావ దుప్పటి కాలి మీదికి లాక్కున్నాడు. 'కోపం లేదంటే అబద్ధం అయితది. నేనూ భయపడితినిరా. నీ చెయ్యి విడిపోయినాక ఇంకా భయపడితిని. మీ అక్కకు రాయి. నేను చెప్తే చాడీ అయితది. నువ్వు రాస్తే నిజం అయితది.'

అందుకే రాస్తున్నా.

ఇంకొక్క సంగతి. నన్ను ముందుగా పంపించేయమని మన యజమాని తంతి ఇచ్చినాడు. రామోన్ మొన్న విమానం టికెట్ తెచ్చి నా చేతిలో పెట్టినాడు. 'పోరా, నేను తర్వాత వస్తాలే' అన్నాడు బావ. ఇక్కడ భూమి ఇంకా కదులుతూనే ఉంది అక్కా. రోజుకు ఒకసారైనా ఆసుపత్రి కిటికీలు గలగలమంటాయి. ప్రతిసారీ నా కాళ్లు వాకిలి వైపు లేస్తాయి. నిన్న సగం దూరం పోయి, గుమ్మం పట్టుకొని నిలబడిపోయినా. బావ చూసినాడు.

టికెట్ వెనక్కి ఇచ్చేసినా. ఆయన కాలు మీద నిలబడేదాకా ఇక్కడే ఉంటా, స్నానం, తిండి అన్నీ నేనే చూస్తున్నా. ఇది గొప్ప కోసం రాయడం లేదు. రేపు పెద్దది వస్తే ఉరకనని నీకు మాట ఇవ్వలేను. ఉరకకుండా ఉండాలని మాత్రం పొద్దున లేచిన కాడి నుంచి అనుకుంటా ఉంటా.

మీ అత్తకు కాలు విరిగిన సంగతి వరకే చెప్పు. మిగిలింది నీ ఇష్టం. జవాబు రాయాలనిపిస్తే రాయి. లేకపోతే బావ పేరునే రాయి, నేను చదివి వినిపిస్తా. నన్ను తిట్టినదైనా ఒక్క అక్షరం మింగకుండా చదువుతా.

ఇట్లు,
నువ్వు ఇంకా ఒప్పుకుంటే, నీ తమ్ముడు
బ్రహ్మం