మోర్సుకు మిగిల్చిన చోటు

అమ్మా,

ఫోను చేస్తే "ఊఁ, ఊఁ, సరేలే" అని పెట్టేస్తావు. ఇంట్లోని హామ్ రేడియోలో పిలిస్తే "సిగ్నల్ బాగాలేదే" అని తప్పించుకుంటావు. అందుకే కాగితం తీశాను. లిఫ్టు మరమ్మతు చేసి వచ్చి, చేతుల గ్రీజు సరిగా వదలకుండానే రాస్తున్నాను. మరకలు పట్టించుకోకు.

నిన్న పొద్దున రేడియో తిప్పుతుంటే మనం వాడుకునే తరంగాల బ్యాండులో కింది భాగాన నువ్వూ చెల్లీ దొరికారు. మోర్సు కోడులో టకటకలాడుతూ ముచ్చట్లు! తన బేకరీలో ట్రే మొత్తం మాడిపోయిందని అది చెబుతుంటే, నువ్వు చుక్కలతోనే పగలబడి నవ్వుతున్నావు. ఉద్యోగమంతా టెలిగ్రాఫ్ ఆఫీసులో గడిపిన చెయ్యి అది, నేను పోల్చుకోలేనా? మధ్యలో దూరుదామంటే నేను మైకు మనిషిని, అది మాటలకు కేటాయించిన చోటు కాదు. దొంగలా కూర్చుని చివరిదాకా విన్నాను. మోర్సు ఇద్దరికీ నువ్వే నేర్పావు. అది పట్టుకుంది, నేను వదిలేసి మాటల్లో పడ్డాను. అంతమాత్రానికి నేను పరాయిదాన్నయిపోయానా?

ఇక అసలు సంగతి. మా రేడియో క్లబ్బు ఈసారి బ్యాండు ప్లాను తిరగరాస్తోంది. కన్వీనర్ని నేనే. కిందంతా మోర్సుకి, మధ్యలో కంప్యూటర్ సంకేతాలకి, పైన మాటలకి అని పంచుకున్నాం కదా. మోర్సువాళ్లు తగ్గారు, మాటలవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతున్నారు, కాబట్టి మోర్సు చోటులో పై సగం మాటలకి ఇచ్చేద్దామని ప్రతిపాదన రాశాను. అందులో అబద్ధం లేదు. కానీ గీత ఎక్కడ గీశానో తెలుసా? సరిగ్గా మీరిద్దరూ కూర్చునే చోటుకి కింద. ఒక్క గొంతు పట్టే వెడల్పులో పది మోర్సు సంకేతాలు పడతాయి. అలాంటి గొంతులు వచ్చి మీ మీద పడాలని గీశాను.

ఆదివారం సమావేశం. కోపం వస్తే తిట్టు. అదైనా నాతో మాట్లాడినట్టే.

నీకు గుర్తుంటే,
నీ పెద్ద కూతురు

—

ఒసే పెద్దమ్మాయీ,

చదవగానే నీ నెత్తిన గట్టిగా ఒక మొట్టికాయ వేయాలనిపించింది. తర్వాత తప్పు నాదేనని తోచింది.

నా చెవులు పోతున్నాయి. డాక్టరు గాజుగదిలో కూర్చోబెట్టి పరీక్షించాడు. సన్నని శబ్దాలు నాకు అందడం లేదట. ఎవరు మాట్లాడినా నోట్లో గుడ్డలు కుక్కుకుని మాట్లాడినట్టుంటుంది. ఎదురుగా ఉంటే పెదవులు చూసి నెట్టుకొస్తాను. ఫోనులోనూ రేడియోలోనూ పెదవులు ఎక్కడివి? మోర్సు అలా కాదు. ఒకటే శ్రుతి. దాన్ని నా చెవికి అందేంత కిందికి దించుకుంటే ఒక్క చుక్క జారదు.

చిన్నదానికి నేను చెప్పలేదు, అదే పట్టేసింది. ఒకరోజు దాని బేకరీలో "చిల్లర ఉందా" అని అడిగితే "నిన్నే తిన్నా" అన్నానట. అక్కతో చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. దాన్నేమీ అనకు. నీతో ఎలా చెప్పమంటావు? చిన్నప్పటి నుంచీ నీది సన్నని గొంతు. అందరికంటే ముందు నాకు వినిపించకుండా పోయింది నీ మాటే.

ప్లాను సంగతికి వస్తే, మాటలవాళ్లకి నిజంగా చోటు చాలకపోతే ఇవ్వండి. మేము కిందికి జరుగుతాం. కానీ నా మీద కోపంతో గీసిన గీత నాతో ఆగదు, మోర్సు కొట్టే ప్రతివాడి మీదా పడుతుంది. ఆ గీతకి కాపలా కాసే పోలీసు ఎవడూ లేడు. పదిమందీ సరేనంటేనే నిలుస్తుంది. అది తెలిసే కదా నీకు ఆ పని అప్పజెప్పారు.

నీ గ్రీజు మరకలు చెరగకుండా ఉత్తరం మడిచి దాచుకున్నాను.

అమ్మ

—

అమ్మా,

ఉత్తరం పనిలో ఉండగా అందింది. లిఫ్టు ఆపేసి, ఆ పెట్టెలోనే కూలబడి చదివాను. పైన ఎవరో బటన్ నొక్కుతూనే ఉన్నారు.

సమావేశంలో నిలబడి, "ఆ గీత ఇంట్లో కోపంతో గీశాను, చింపేయండి" అన్నాను. రేడియోలు బాగుచేసే పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "ఇంటి గొడవలకి ఇల్లు సరిపోలేదా తల్లీ, బ్యాండుదాకా తెచ్చావు?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గీత గీసే పని ఆయనకే అప్పగించాం. మోర్సు చోటు పైఅంచున చిన్న ముక్క మాత్రం మాటలకి ఇచ్చారు. మీ చోటు మీకే ఉంది.

చెల్లికి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "ఒట్టు వేయించుకుంది అమ్మ, తిట్లు తినేది నేనా?" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అయినా నిజం చెప్పనా? అసూయ పోలేదు. నీ బాధ ఇన్నాళ్లూ దాని దగ్గర ఉంది, నా దగ్గర లేదు. ముచ్చట్లకంటే అదే ఎక్కువ మండుతోంది.

మోర్సు కొట్టే కీ కొని బల్లకి బిగించాను. రోజూ కొడుతున్నాను. చెయ్యి మొద్దుబారింది. వంటింట్లోంచి మీ అల్లుడు "కుళాయి కారుతోందా ఏమిటి?" అంటున్నాడు.

ఎల్లుండి పొద్దున పిలుస్తాను. నెమ్మదిగా కొడతాను, తప్పులు దొర్లుతాయి, విసుక్కోకు. చెల్లికి గట్టిగా చెప్పేశాను: కావాలంటే విను, ఆ ఒక్క పూట మాత్రం కీ ముట్టుకోకు అని.

నీ
పెద్దమ్మాయి